జ్వర రహస్యమును ఛేదించిన వైద్యాచార్యుడు సర్ రోనాల్డ్ రాస్

మన జిల్లాకు పేరిచ్చిన గంజాం పట్టణము నేడు ఋషికుల్యా నది సముద్రమున గలియు చోట నున్న చిన్న ఊరు. ఒకప్పుడదియే జిల్లాకు ముఖ్యస్థానము. కోటయు, ఓడరేవును, దొరల బంగళాలును, వర్తకుల కొట్లును గల పట్టణము. 1815వ సంవత్సరమున అచట జ్వరము ప్రబలి అనేకులను బలిగొన్నది. బ్రతికిన అధికారులు ఊరు విడిచినారు. కచేరీలు బరంపురము, ఛత్రపురములకు తరలిపోయినవి. బరంపురము ప్రాముఖ్యము పెరుగుటకు అదియు ఒక కారణమైనది. కోటగోడలను ఏ శత్రువును కూల్చలేదు. జ్వరమే పట్టణమును ఖాళీ చేయించినది.

జ్వరము ఎట్లు వచ్చునో ఎవ్వరికిని తెలియని కాలమది. పసుపు, చింతపండు కొనుటకు పైమాళియాల సంతలకు వెళ్లిన వర్తకుడు చలిజ్వరముతో ఇల్లు చేరుట మన పెద్దలకు క్రొత్త సంగతి కాదు. దానికి మన్యపు జ్వరమని పేరు పెట్టినారు. కొండనీళ్లు పడలేదని కొందరు, అడవిగాలి తగిలినదని కొందరు అనుకొనెడివారు. పాశ్చాత్యులును ఇంతకంటె ముందుకు పోలేదు. మలేరియా అను మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అనియే అర్థము. సింకోనా చెట్టు బెరడు పని చేయునని తెలియును; ఆ బెరడునుండి 1820లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్తలు పెల్టియే, కావంటూ క్వినైనును వేరుచేసినారు. మందు దొరికినది కాని శత్రువు ఎవరో తెలియలేదు.

ఆ శత్రువు ఏ దారిని మన శరీరములో ప్రవేశించునో కనుగొనిన వైద్యుడు సర్ రోనాల్డ్ రాస్. ఆయన మద్రాసు రాజధాని సైన్యమున ఉద్యోగి. మనకు పొరుగున నున్న విజయనగరమున పటాలమునకు వైద్యము చేసినారు. ఆయన కీర్తికి మూలమైన పని తెలుగునేల మీద సికింద్రాబాదులో జరిగినది. కావున ఆయన చరిత్ర మనకు పరాయి చరిత్ర కాదు.

బాల్యము, విద్య

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించినారు. అప్పుడు ఉత్తరదేశమున సిపాయీల తిరుగుబాటు మొదలై మూడు దినములే అయినది. తండ్రి క్యాంబెల్ రాస్ భారత సైన్యమున అధికారి. పదిమంది సంతానములో రోనాల్డు పెద్దవాడు. ఎనిమిదవ ఏట చదువుకై అతనిని ఇంగ్లండునకు పంపినారు.

బాలునికి వైద్యముపై ఆసక్తి లేదు. చిత్రలేఖనము, సంగీతము, కవిత్వము, గణితము అతనికి ప్రీతి. తండ్రి మాత్రము కొడుకు భారత వైద్యసేవలో చేరవలెనని నిశ్చయించినారు. తండ్రి మాట కాదనలేక యువకుడు లండనులోని సెంట్ బార్తలోమ్యూ వైద్యశాలలో చేరినాడు. చదువు మనసులేని చదువుగానే సాగినది. 1879లో ఒక పరీక్షలో గెలిచి, మరియొక పరీక్షలో తప్పినారు. కొంతకాలము అట్లాంటిక్ సముద్రముపై నడచు ఓడలలో వైద్యునిగా పనిచేసి, 1881లో ఆ పరీక్షయు పూర్తి చేసి, భారత వైద్యసేవలో ప్రవేశించినారు. బెంగాలు శాఖ గొప్పది. ఆయనకు దొరికినది మద్రాసు శాఖ.

మద్రాసు, విజయనగరము, బెంగుళూరు, బర్మా, అండమానులు — పటాలము ఎక్కడికి పోయిన అక్కడికి వైద్యుడును పోవలెను. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికను ఆయన వ్యర్థపరచలేదు. గణిత గ్రంథములు తెప్పించుకొని స్వయముగా అభ్యసించినారు. కవితలును, నవలలును వ్రాసినారు. వైద్యుడుగా మాత్రము అప్పటికి ఆయనకు చెప్పుకోదగిన పేరు లేదు.

బెంగుళూరులోని తొట్టి

1883లో బెంగుళూరులో నున్నప్పుడు చిన్న సంగతి జరిగినది. ఆయన బంగళాలో దోమల బాధ విపరీతము. వెదకి చూడగా గది కిటికీ వెలుపల నున్న నీళ్లతొట్టిలో దోమపిల్లలు పురుగుల రూపమున కదలుచుండెను. తొట్టిని బోర్లించినారు. దోమలు తగ్గినవి. భోజనశాల పరిసరములందలి తొట్లను, కుండలను కూడ ఇట్లే ఖాళీ చేయించవలెనని అక్కడి సైనికాధికారితో చెప్పినారు. ఆ అధికారి అంగీకరింపలేదు. దోమలును సృష్టిలో ఏదో ప్రయోజనమునకే పుట్టినవి కదా యని ఆయన వాదము.

దోమకును జ్వరమునకును సంబంధమున్నదని అప్పటికి రాసుకే తెలియదు. అయినను ఈ తొట్టి కథను పాఠకులు గుర్తుంచుకొనవలెను. కారణము తెలిసిన తరువాత కూడ తొట్టిని బోర్లించువారు దొరకుట ఎంత కష్టమో ఆయన శేషజీవితము చెప్పును.

1888లో సెలవుపై ఇంగ్లండునకు వెళ్లి ప్రజారోగ్య శాస్త్రమున పట్టమును, సూక్ష్మజీవుల శాస్త్రమున శిక్షణను పొందినారు. 1889లో రోసా బ్లాక్సమ్ అను కన్యను వివాహమాడినారు. తిరిగివచ్చిన తరువాత మలేరియాపై దృష్టి నిలిపినారు. 1880లోనే ఆల్జీరియాలో లవెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తములో ఆ జ్వరమును కలిగించు సూక్ష్మజీవిని చూచియుండెను. రాస్ ఎంత వెదకినను అది తన కంటికి కనబడలేదు. జ్వరము ప్రేగులలోని దోషము వలన వచ్చునని ఆయన వాదించి వ్యాసములు ప్రకటించినారు.

గురువు దొరకుట

1894లో రెండవసారి సెలవుపై వెళ్లినప్పుడు లండనులో డాక్టరు పాట్రిక్ మ్యాన్సను గారిని కలిసికొన్నారు. మ్యాన్సను పూర్వము చైనాదేశమందలి అమోయ్ రేవున వైద్యుడుగా నుండి, బోదకాలు కలిగించు సన్నని పురుగు దోమ శరీరములో పెరుగునని కనుగొనినవారు. ఆయన రాసును సూక్ష్మదర్శిని ముందు కూర్చుండబెట్టి లవెరాన్ చెప్పిన జీవిని చూపించినారు. రాస్ తన పాత వాదమును వదలుకొన్నారు. అచ్చులో నిలిచిపోయిన తన మాటను తానే కాదనుకొనుటకు చాల ధైర్యము కావలెను. ఆయన తరువాతి విజయమునకు అదియే తొలిమెట్టు.

మలేరియా జీవిని దోమయే మనిషి శరీరమునుండి వెలుపలికి తీసికొనిపోవునేమో యని మ్యాన్సను ఊహించినారు. అయితే రక్తము త్రాగిన దోమ నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు ఆయన భావించినారు. ఊహలో సగము నిజము, సగము పొరపాటు. ఏది ఏదో తేల్చుటకు దోమలును, రోగులును, ఓపికయు కావలెను. మూడును రాసు వద్ద నున్నవి.

సికింద్రాబాదు

1895 మార్చి చివరను ఇంగ్లండునుండి బయలుదేరి, సికింద్రాబాదు బేగంపేటలో నున్న 19వ మద్రాసు పటాలమునకు వైద్యుడుగా వచ్చినారు. ప్రయోగశాల లేదు; ప్రభుత్వము డబ్బు ఈయలేదు. స్వంత సూక్ష్మదర్శిని, స్వంత డబ్బు, పటాలపు ఆసుపత్రిలో ఒక గది — ఇదియే ఆయన సరంజామా.

అబ్దుల్ ఖాదర్ మొదలైన రోగులు దోమతెరలో పడుకొని, దోమలచే కుట్టించుకొని తోడ్పడినారు. కుట్టిన దోమలను రాస్ ఒక్కొక్కటిగా కోసి పరీక్షించినారు. దోమ చచ్చిన నీటిని కొందరికి డబ్బిచ్చి త్రాగించి చూచినారు. మొదటివానికి కొద్దిగా జ్వరము వచ్చినది, తరువాతివారికి రాలేదు. నీటిదారి నిజము కాదని తేలినది. ఇట్టి ప్రయోగములు నేటి వైద్యధర్మమునకు సమ్మతములు కావు. ఆ నీరు త్రాగిన పేదలకు తాము దేనికి లోనగుచున్నారో పూర్తిగా తెలిసియుండదు. ఈ విజయములో వారి వంతును మరచుట న్యాయము కాదు.

అదే సంవత్సరము సెప్టెంబరులో కలరా నివారణకై ఆయనను బెంగుళూరునకు పంపినారు. దాదాపు రెండు సంవత్సరములు మలేరియా పని కుంటుపడినది. 1897 వేసవిలో ఉదకమండలము దిగువనున్న సిగూరు లోయకు వెళ్లి, అచట తానే జ్వరమున పడినారు. ఆ లోయలోనే రెక్కలపై మచ్చలు గల దోమ ఒకటి ఆయన కంటబడినది. అంతవరకు ఆయన పరీక్షించినవి సాధారణముగా ఇండ్లలో దొరకు బూడిదరంగు దోమలు, చారల దోమలు. మలేరియా జీవి వాటిలో పెరుగదు. తప్పు తాళమున తాళపుచెవి త్రిప్పినట్లు రెండేండ్ల శ్రమ జరిగినది.

జూను నెలలో సికింద్రాబాదునకు తిరిగివచ్చినారు. ఎండ తీవ్రము. పంకా వేసినచో కోసిన దోమల ముక్కలు ఎగిరిపోవును. కావున పంకా లేదు. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి, కంటి అద్దము పగిలినది. దోమను పొట్ట చీల్చి, అంగుళము అంగుళముగా నేలను వెదకినట్లు, దాని అవయవములన్నియు వెదకవలెను. ఒక్క దోమకు గంటలు పట్టును.

ఆగస్టు నడుమ ఆయన సహాయకుడొకడు నీటిలోని దోమపిల్లలను సీసాలో పట్టి తెచ్చినాడు. అవి పెరిగి మచ్చరెక్కల దోమలైనవి. నేడు వీటిని అనోఫిలిస్ జాతి యందురు. ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను రోగిని వాటిచే కుట్టించినారు. రక్తము త్రాగిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టినది. కొన్ని దోమలు తమంత చచ్చినవి, కొన్ని పరీక్షలో వ్యర్థమైనవి. 20వ తేదీ నాటికి మిగిలినవి బహు కొద్ది.

ఆనాడు మధ్యాహ్నము ఒక దోమ పొట్టగోడలో గుండ్రని చిన్న కణములు కనబడినవి. వాటిలో నల్లని రేణువులు గలవు. రోగి రక్తములోని మలేరియా జీవిలో కనబడు రేణువులే అవి. మరునాడు మిగిలిన దోమను కోసి చూచినారు. అందును అట్టి కణములే గలవు, కాని ముందటి దినము చూచినవానికంటె పెద్దవి. నాలుగవ దినము చిన్నవి, ఐదవ దినము పెద్దవి. అనగా అవి దోమ శరీరమున పెరుగుచున్నవి. దోమకు సహజమైనవి కావు, రోగినుండి వచ్చినవే. రెండు దోమలు, రెండు దినములు, ఒక చిన్న పోలిక — ఇంతలో శాస్త్రము మలుపు తిరిగినది. ఆ ఫలితము 1897 డిశంబరు 18వ తేదీన బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటితమైనది. ఆగస్టు 20వ తేదీని నేడు ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు.

బదిలీ

రహస్యము సగమే విప్పబడినది. దోమ పొట్టలో చేరిన జీవి తిరిగి మనిషిలోనికి ఎట్లు పోవును? ఈ రెండవ సగమును విప్పవలసిన సమయమున సెప్టెంబరులో బదిలీ ఉత్తర్వు వచ్చినది. ఆయనను పంపినది రాజపుటానాలోని ఖేర్వాడాకు. కేసరియాజీ యాత్ర చేసిన మన కుటుంబములకు ఆ పేరు క్రొత్త కాదు. ఉదయపూరునుండి ఋషభదేవ స్వామి వెలసిన ధులేవ్ క్షేత్రము దాటి అదే దారిని కొంతదూరము పోయినచో ఖేర్వాడా వచ్చును. మేవాడు భిల్లుల పటాలమునకు అది స్థావరము. రాసుకు కావలసిన జ్వరము మాత్రము అప్పుడచట లేదు! చేప పట్టువానిని ఎడారికి పంపినట్లయినది.

ఆయన రాజీనామా ఇత్తునని కూడ పై అధికారులకు తెలిపినారు. లండనులో మ్యాన్సను పెద్దలతో మాటలాడి ప్రయత్నించగా, 1898 ఫిబ్రవరిలో మలేరియా, కాలాజ్వరముల పరిశోధనకై ప్రత్యేకముగా కలకత్తాకు పంపినారు. అప్పుడు నగరమున ప్లేగు భయము. రక్తము తీయుదుమనగానే జనము పారిపోవుచుండిరి. మనుషులు దొరకనందున రాస్ పక్షుల మలేరియాను ఎన్నుకొన్నారు. మహమ్మద్ బక్ష్ అను సహాయకుడు పిచ్చుకలను, భరత పక్షులను పట్టి తెచ్చి, రాత్రింబగళ్లు దోమలను పెంచి, పరీక్షలలో కుడిభుజముగా నిలిచినాడు. కిశోరీమోహన్ బంద్యోపాధ్యాయ అను వంగ యువకుడును సహాయమొనర్చినాడు.

జీవదయను ప్రధానముగా నెంచు మన కుటుంబములవారికి ఈ భాగము చదువుట కష్టముగా నుండవచ్చును. పక్షులకు రోగము తగిలించి చేసిన పరిశోధన అది. దానిని దాచి చెప్పుట చరిత్ర కాదు. 1898 జూలై మొదటి వారమున దోమ పొట్టలో పెరిగిన జీవులు దారములవలె విడివడి, దోమ లాలాజల గ్రంథిలో చేరుట రాసుకు కనబడినది. దోమ కుట్టునప్పుడు ఆ లాలాజలముతో జీవియు రక్తమున ప్రవేశించును. జ్వరము త్రాగు నీటి దారిని గాని పీల్చు గాలి దారిని గాని రాదు. దోమ కాటు దారిని వచ్చును. ఆరోగ్యముగా నున్న పిచ్చుకలను అట్టి దోమలచే కుట్టింపగా వాటికి రోగము వచ్చినది. రుజువు పూర్తియైనది. అదే జూలై నెలలో ఎడింబరోలో జరిగిన వైద్యుల మహాసభలో మ్యాన్సను ఈ సంగతి వెల్లడించగా సభ యావత్తు హర్షించినది.

పక్షులలో రుజువైనది మనుషులలోను అట్లే జరుగునని ఇటలీ దేశమున గ్రాసీ, బిన్యామి, బాస్టియనెల్లి అను శాస్త్రజ్ఞులు అదే సంవత్సరము చివరను నిరూపించినారు. ఎవరు ముందను వివాదము రాసుకును గ్రాసీకిని నడుమ తీవ్రముగా చెలరేగి జీవితాంతము నిలిచినది. ఇద్దరును గొప్పవారు, ఇద్దరును ఆ కలహములో తమ గౌరవమును కొంత తగ్గించుకొన్నారు. కీర్తి పంచుకొనుట ఆస్తి పంచుకొనుటకంటె కష్టము కాబోలు.

ఆచార్య పదవి

కాలాజ్వరమును గూర్చి అస్సాములో కొంత పనిచేసి, 1899 ఫిబ్రవరిలో రాస్ భారతదేశము విడిచినారు. లివర్పూలులో ఉష్ణదేశ వ్యాధులకై క్రొత్తగా స్థాపింపబడిన విద్యాలయమున ఉపన్యాసకులై, 1902లో ఆచార్యులైనారు. ఆ సంవత్సరమే నోబెలు బహుమతి లభించినది. వైద్యశాస్త్రమునకు ఆ బహుమతి ఈయబడుట అది రెండవసారి. 1911లో సర్ బిరుదము వచ్చినది.

ఆచార్యుడుగా ఆయన విద్యార్థులకు సూక్ష్మదర్శినితో బాటు పారయు, గునపమును చూపించినారనవచ్చును. గుంటలు పూడ్చుట, మురుగునీరు పారించుట, నీళ్లు నిలువ యుంచు పాత్రలపై మూతలు వేయుట, ఇండ్లకు తెరలు కట్టుట ఆయన బోధించిన పాఠములు. 1899లోనే పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోనుకు వెళ్లి అచటి దోమలు ఏ గుంటలలో పుట్టుచున్నవో చూపినారు. 1902లో సూయజు కాలువ కంపెనీవారు ఇస్మాయిలియా పట్టణమునకు ఆహ్వానించినారు. ఆయన సలహా ప్రకారము కంపెనీ డబ్బు వెచ్చించి గుంటలు పూడ్పించగా కొద్ది సంవత్సరములలో జ్వరము దాదాపు అదృశ్యమైనది. పనామాలో అమెరికా వైద్యుడు గోర్గాసు దోమల నివారణ సాగించినందువలననే ఆ మహా కాలువ 1914లో పూర్తి కాగలిగినది. 1907లో రాస్ మారిషసు ద్వీపమునకు వెళ్లి అచటి మలేరియాను గూర్చి నివేదిక సమర్పించినారు. ఆ ద్వీపమున చెరకుతోటలలో మన తెలుగువారును ఎందరో కూలిపనికై వలస వెళ్లియుండిరి.

ఆయన గణిత విద్య ఇప్పుడు అక్కరకు వచ్చినది. మలేరియాను రూపుమాపవలెనన్నచో లోకమందలి దోమలన్నిటిని నశింపజేయవలెనని అధికారులు భయపడి, అసాధ్యమని ఊరకుండెడివారు. రాస్ లెక్క వేసి చూపినదేమనగా — అన్నిటిని తొలగింపనక్కర లేదు. జనసంఖ్యకు ఇన్ని యను హద్దు కలదు. దోమలు ఆ హద్దునకు తగ్గినచో రోగము తనంత తానే సన్నగిల్లును. మన వ్యాపార భాషలో చెప్పవలెనన్నచో, ఒక రోగినుండి సగటున ఒకరికంటె తక్కువమందికి రోగము సంక్రమించినచో, ప్రతి త్రిప్పుకును అసలు తరిగిపోవు వ్యాపారము వంటిది. కొంతకాలమునకు దుకాణము మూతపడక తప్పదు. నేడు అంటురోగముల వ్యాప్తిని అంచనా కట్టు గణితమునకు ఇది పునాదులలో ఒకటి.

భారతదేశమున మాత్రము ఆయన మాట చెల్లలేదు. లాహోరు దగ్గరి మియాన్ మీర్ దండు ప్రదేశమున 1901లో దోమల నివారణ ప్రయత్నము మొదలిడినారు. ఫలితము లేదని కొన్ని ఏండ్లకు విడిచినారు. చాలినంత డబ్బు, మనుషులు లేకుండ అరకొరగా చేసిన పని విఫలమైనదని సిద్ధాంతమును నిందించుట తగదని రాస్ ఘాటుగా విమర్శించినారు. బెంగుళూరు తొట్టి కథయే మరల జరిగినది. 1883లో ఒక అధికారి కాదన్నాడు. ఇప్పుడు ఒక ప్రభుత్వము వెనుదీసినది.

చివరి దినములు

1912లో లివర్పూలు విడిచి లండను చేరినారు. 1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభములోనే పెద్ద కుమారుడు ఫ్రాన్సులో హతుడైనాడు. తన పరిశోధనకు తగిన ప్రతిఫలము దేశము ఈయలేదను బాధ ఆయనకు తుదివరకు పోలేదు. మశూచి టీకాలు కనిపెట్టిన జెన్నరుకు బ్రిటిషు పార్లమెంటు పూర్వము 30,000 పౌనులు ఇచ్చినది. అట్టి గౌరవము తనకును కావలెనని అర్జీ పెట్టుకొన్నారు, దొరకలేదు. 1928లో తన కాగితములను, ఉత్తరములను 2,000 పౌనులకు విక్రయింపవలసి వచ్చినది. తన పనికి తాను వెల కట్టుట ఆయన స్వభావములోని లోపమని కొందరన్నారు. కాని బదిలీలు, చేతి ఖర్చు, అనాదరణ భరించి పనిచేసిన మనిషి న్యాయముగా రావలసిన కూలి అడిగినాడనుట సబబు.

1926లో లండనులో ఆయన పేర ఒక పరిశోధన సంస్థ వెలసినది. 1927 జనవరిలో కలకత్తాలో ఆయన పనిచేసిన స్థలమున స్మారక ద్వారము తెరువబడగా ఆ ఉత్సవమునకు తామే వచ్చినారు. 1931లో భార్య గతించినది. 1932 సెప్టెంబరు 16వ తేదీన సర్ రోనాల్డ్ రాస్ తమ 75వ ఏట పరమపదించినారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనము ఆయన పేరనే నిలిచియున్నది.

మనకు మిగిలినది

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1953లో దేశమంతట మలేరియా నివారణ పథకము ఆరంభమైనది. 1958 నుండి నిర్మూలనమే లక్ష్యమైనది. 1960 ప్రాంతములకు జ్వరము ఎంతో తగ్గినది. ఇక పోయినదే యని శ్రద్ధ సడలగా 1970 తరువాత మరల విజృంభించినది. ఒరిస్సా కొండ ప్రాంతములలో సెలయేళ్ల అంచున పుట్టు అనోఫిలిస్ దోమలు చాలకాలము దేశమందలి మలేరియాలో పెద్ద వంతును ఈ రాష్ట్రమునకే మిగిల్చినవి. 2017 నుండి మారుమూల గ్రామములకు వెళ్లి అందరి రక్తము పరీక్షించి, మందును, దోమతెరలను ఇచ్చు కార్యక్రమము ఈ రాష్ట్రమున నడచుటచే రోగుల సంఖ్య బాగుగా తగ్గినది. అయినను ప్రపంచమున ఇప్పటికిని ఏటా సుమారు 6 లక్షలమంది, వారిలో ఎక్కువగా ఆఫ్రికాదేశపు పసిపిల్లలు, ఈ జ్వరమునకు బలియగుచున్నారు. రహస్యము తెలిసి 125 ఏండ్లు దాటినది. తెలిసినది చేయుటయే మిగిలినది.

మన ఇండ్లలో నీటిని వడగట్టి, పాత్రపై మూతవేసి యుంచు ఆచారము తరతరములుగా వచ్చినది. కంటికి కనబడని ప్రాణికి హాని కలుగరాదని పెద్దలు ఏర్పరచినదది. రాస్ చెప్పిన ఆరోగ్య నియమము వేరు దారిని వచ్చి అదే మూత దగ్గర చేరినది. నీటిపై మూత యున్నచో దోమ గ్రుడ్లు పెట్టజాలదు. పుట్టిన ప్రాణిని తరువాత మందుచల్లి చంపుటకంటె, నీరు నిలువకుండ చూచి పుట్టుటకే తావీయకుండుట మన ధర్మమునకు దగ్గరి మార్గము. ఇంటిలోని బిందెకు పాటించు నియమమును కొట్టు వెనుక పడియున్న పాత డబ్బాలకు, గోదాముల పైకప్పు గాడులకు, వాడని బావులకు, ధర్మశాలల తొట్లకు కూడ పాటింపవలసియున్నది. వర్షాకాలమున వారమునకొక దినము ఒక గంట చాలును.

గంజాం పట్టణపు శిథిలములు జ్వరము ఏమి చేయగలదో చెప్పుచున్నవి. రోనాల్డ్ రాస్ జీవితము ఓపిక గల ఒక మనిషి ఏమి చేయగలడో చెప్పుచున్నది. హుసేన్ ఖాన్, మహమ్మద్ బక్ష్ వంటివారి పేర్లు ఆయన పేరు ప్రక్కనే తలచుకొందుము గాక. ఇక బెంగుళూరులో ఆయన ఒంటరిగా బోర్లించిన తొట్టి వంటిది మన ప్రతి పెరటిలోను ఒకటి ఉండనే ఉన్నది. దానిని బోర్లించి శుభ్రపరచి, మరల నింపినప్పుడు మూత వేయుటయే ఆ మహనీయునకు మనము చేయగల నివాళి.